రైలు నమూనాలో మన ప్రాంతపు కర్మాగారములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్లపాటు ఒక పల్లెలో గ్రంథాలయమును నిలుపుట సామాన్యమైన పని కాదు. అందునా ఉద్దానము వంటి సముద్రతీర ప్రాంతమున మరియు కష్టము. ఉప్పుగాలికి అట్టలు ఉబ్బును. వానలకు చెదలు పుట్టును. తుఫాను వచ్చినచో కప్పే లేచిపోవును. వీటన్నిటినీ ఓర్చుకొని పుస్తకములను కాపాడిన కార్యకర్తలకు మొదట నా అభినందనలు.

నాకు కేటాయించిన విషయము కొందరికి వింతగా తోచవచ్చును. "రైలు నమూనా కొరకు కర్మాగారములను కట్టుట, వాటికి ఎండవాన తగిలిన రూపు తెచ్చుట." ఇది పిల్లల ఆట కదా, గ్రంథాలయములో దీనికేమి పని యని అడుగవచ్చును. సమాధానము చివర చెప్పెదను. ప్రస్తుతమునకు ఒక్క మాట. మన గ్రంథాలయోద్యమము పుట్టిననాటి నుండి పుస్తకమునకు బీరువాయే హద్దు అని ఎన్నడును అనుకొనలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవ మీద గ్రంథాలయమును నడిపి కాలువ గట్ల వెంట చదువరులను వెదకుకొనుచు పోయిరి. తెలిసికొనదగినది ఏ రూపమున ఉన్నను గ్రంథాలయమునకు పరాయిది కాదు.

రైలు నమూనాకును రైలు బొమ్మకును భేదమున్నది. బొమ్మకు ముచ్చటయే చాలును. నమూనాకు కొలత కావలెను. నిజమైన వస్తువు ఎన్ని అడుగులున్నదో, దానిని ఏ నిష్పత్తిలో తగ్గించినామో చెప్పగలిగినప్పుడే అది నమూనా యనిపించుకొనును. ఈ విద్య పాశ్చాత్య దేశములలో బాగుగా పెరిగినది. అమెరికాలో 1935లోనే దీనికొక జాతీయ సంఘము ఏర్పడి కొలతలకు నియమములు చేసినది. జర్మనీ దేశపు హాంబర్గు నగరమున 2001లో తెరచిన నమూనా ప్రదర్శనను చూచుటకు లోకము నలుమూలల నుండి జనము వచ్చుచున్నారు. మన దేశమునను పూనా నగరములో జోషీగారి చిన్నరైళ్ళ ప్రదర్శనశాల 1998 ఏప్రిల్ 1న ప్రారంభమైనది.

కొత్తగా ఈ పని మొదలుపెట్టినవారు ముందు ఇంజను మీదనే మనసు పెట్టుదురు. పట్టాలు గుండ్రముగా వేసి, ఇంజను తిప్పి, నాలుగు దినములు సంతోషించి, ఐదవనాడు విసుగు చెందుదురు. ఏలననగా ఆ రైలుకు ఎక్కడికిని పోవలసిన పని లేదు. సరకు లేనిదే బండికి ప్రయోజనము లేదు. సరకు కావలెనన్న దానిని పుట్టించు చోటు ఉండవలెను. అందుచేత రైలు నమూనాకు ప్రాణము ఇంజనులో లేదు, పట్టాల ప్రక్కన నిలిచిన గిడ్డంగిలో, కర్మాగారములో ఉన్నది.

ఈ విషయమున మన ప్రాంతము భాగ్యవంతమైనది. తూర్పుతీరపు రైలుదారి 1893 మొదలు 1896 వరకు కట్టబడినది. అది మన పలాస, పూండి, నౌపడ మీదుగా పోవును. నౌపడ వద్ద ఉప్పు కొఠారులు. అక్కడి నుండి పర్లాకిమిడికి మహారాజా గౌరచంద్ర గజపతిగారు వేయించిన చిన్న రైలుదారి 1898లో ఆరంభమై 1900 ఏప్రిల్ 1న నడక సాగించినది. ఆ పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. టెక్కలి మీదుగా పోవు ఆ దారి 1931 నాటికి గుణుపురము వరకు సాగినది. 2004లో చిన్న పట్టాల మీద బండి నిలిచిపోయి, తరువాత పెద్ద పట్టాలు వచ్చి, 2011 నాటికి గుణుపురము వరకు పెద్ద రైలు నడచినది. ఇక పలాస, కాశీబుగ్గలలో రెండువందలకు పైగా జీడి కర్మాగారములు. టెక్కలి చుట్టుప్రక్కల నీలి గ్రానైటు గనులు, రాయి కోసి నునుపు పెట్టు శాలలు. కవిటి, సోంపేట వైపు కొబ్బరి పీచు పని. ఒక నమూనాకు ఇంతకంటె ఏమి కావలెను?

ఇప్పుడు కొలత సంగతి. లోకములో ఎక్కువగా వాడుకలో ఉన్న నిష్పత్తి 87కు 1. దీనిని గుర్తుంచుకొనుట సులభము: నిజమైన 1 అడుగు నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు. 60 అడుగుల పొగగొట్టము 21 సెంటీమీటర్లగును. 7 అడుగుల తలుపు 24.5 మిల్లీమీటర్లు. నిలువెత్తు మనిషి 2 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. బడిపిల్లలకు నిష్పత్తి లెక్కలు నేర్పుటకు ఇంతకు మించిన సాధనము నేను చూడలేదు. తప్పు చేసినచో మార్కులు పోవుట కాదు, మనిషి తలుపులో పట్టడు!

పర్లాకిమిడి చిన్న పట్టాలు ఈ లెక్కకు 8.75 మిల్లీమీటర్లగును. బజారులో మరియొక చిన్న నిష్పత్తికై తయారగు 9 మిల్లీమీటర్ల పట్టాలు దొరకును. అవి దీనికి చక్కగా సరిపోవును. మన పెద్ద పట్టాలు ఐదున్నర అడుగులు గనుక 19.25 మిల్లీమీటర్లు కావలెను. బజారులో దొరకునవి 16.5 మాత్రమే, ఏలననగా అవి పరదేశముల పట్టాలకు తగినట్లు చేయబడినవి. చూడవచ్చినవారి కంటికి ఈ లోటు ఆనకపోవచ్చును. ఐనను నమూనా ప్రక్కన ఉంచు పుస్తకములో దానిని వ్రాసియుంచవలెను. కొలతలో దాపరికము పనికిరాదు.

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల బల్ల మీద సుమారు 700 అడుగుల నేలను చూపవచ్చును. నౌపడ నుండి పర్లాకిమిడి వరకు గల 40 కిలోమీటర్ల దారిని పూర్తిగా చూపవలెనన్న 460 మీటర్ల బల్ల కావలెను. అది జరుగునది కాదు. కాబట్టి ఎన్నిక చేసికొనవలెను. నా అభిప్రాయమున నౌపడ స్టేషను ఆవరణయే మేలు. అక్కడ పెద్ద పట్టాలును చిన్న పట్టాలును కలిసినవి. పట్టాల కొలత మారిన చోట సరకు చేతులు మారక తప్పదు. ఒక బండి నుండి దించి మరియొక బండికి ఎక్కించవలెను. అక్కడ మనుష్యుల పని కనబడును. కట్టడముల విషయమునను కుదింపు తప్పదు. పది కిటికీల గోడను ఆరు కిటికీలకు తగ్గించవచ్చును. కాని కిటికీ ఎత్తును తగ్గించరాదు. పొడవులో తగ్గినను కట్టడము బ్రదుకును. మనిషితో పొత్తు తప్పినచో బొమ్మయగును.

కొలుచుటకు ముందు యజమాని అనుమతి అడుగవలెను. గోడ ఎత్తు కొలుచుటకు నిచ్చెన అక్కరలేదు. పాత ఇటుక కట్టుబడిలో సున్నముతో కలిపి నాలుగు వరుసలు దాదాపు ఒక అడుగు. వరుసలు లెక్కించినచో ఎత్తు తేలును. పూత పూసిన గోడకు, అడుగడుగునకు గీతలు పెట్టిన వెదురుకర్రను ఆనించి ఛాయాచిత్రము తీసికొనవచ్చును. కట్టడమును నాలుగు వైపుల నుండియు చూడవలెను. అందరు ముందుభాగమునే చూచుదురు. పని జరుగునది వెనుక.

సామగ్రికై పట్నము పరుగెత్తవలసిన పని లేదు. గోడలకు దళసరి అట్ట. సిమెంటు రేకులకు, ఇనుప రేకులకు మందుబిళ్ళలు చుట్టివచ్చు పల్చని అల్యూమినియము కాగితమును సన్నని మరలుగల బోల్టు మీద పరచి గోటితో అదిమినచో అలలు పడును. బెంగుళూరు పెంకుల కప్పుకు కాగితపు పట్టీలను ఒకదానిమీద ఒకటి ఎక్కించి అంటింపవలెను. గొట్టములకు, స్తంభములకు కొబ్బరి ఈనెలు. పొదలకు, చెట్లకు కొబ్బరి పీచు, దాని పొట్టు. గ్రానైటు శాలలోని రాళ్ళనెత్తు క్రేనుకు వెదురు పుల్లలు. నేలకు ఆ నేలయందలి మన్నే. జల్లెడ పట్టి, నీళ్ళలో కలిపిన జిగురుతో అంటింపవలెను. ఇక్కడ ఒక జాగ్రత్త కలదు. మన తీరమున తేమ ఎక్కువ. అట్టకు ఒక వైపుననే రంగు వేసినచో అది వంకరపోవును. స్పిరిటులో కరగించిన లక్కను ముందుగా రెండు వైపులను పూసి ఆరబెట్టవలెను. వడ్రంగులు దూలములకు చేయు జాగ్రత్తయే ఇది.

కట్టుట ఇంతటితో ముగిసినది. కాని ఇప్పుడు మన ముందున్నది నిన్ననే గృహప్రవేశము జరిగినట్టి కట్టడము. దానికి వయస్సు లేదు. అసలు పని ఇప్పుడే ఆరంభము.

ఈ వయస్సు తెచ్చు విద్యలో జాన్ ఆలెన్ అను అమెరికా దేశీయుడు పేరు పొందినాడు. వృత్తిచేత ఛాయాచిత్రకారుడు; వెలుగునీడలను కనిపెట్టుట ఎరిగినవాడు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంటి క్రింది భాగమున నిర్మించిన రైలు నమూనాలో కట్టడములన్నిటికిని మసి, తుప్పు, వెలసిన రంగు పెట్టి చూపినాడు. కొత్తగా మెరయుచున్న నమూనాలకు అలవాటుపడిన ఆనాటివారు చూచి ఆశ్చర్యపడిరి. నేడది సర్వసామాన్యమైనది.

పాతదనము తెచ్చుట యనగా మురికి పూయుట కాదు. ప్రతి మచ్చకును కారణముండవలెను. నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. నీరు ఎటు జారును? పొగ ఎటు పోవును? గాలి ఎటు వీచును? చేయి ఎక్కడ తగులును? నీరు జారినచోట నిలువుచారలు. పొగ పోయినచోట మసి. సముద్రము వైపు గోడకు ఉప్పు, రంగు వెలయుట. చేయి తగిలినచోట మాత్రము మురికి కాదు, నునుపు. తలుపు గొళ్ళెము, నిచ్చెన మెట్టు, బస్తాలు రాచుకొను గుమ్మపు అంచు నల్లబడి మెరయుచుండును. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలియనిచో కుంచె ముట్టరాదు.

మన మూడు కట్టడములకు వీటిని అన్వయించి చూతము.

మొదటిది ఉప్పు గిడ్డంగి. ఉప్పు నేల నుండి గోడలోనికి ప్రాకును. అందుచేత గోడ పైభాగము బాగుగానే యుండి, మోకాలెత్తు వరకు పూత పొక్కి రాలి, ఇటుక బయటపడి, దాని మీద తెల్లని పొర కట్టును. చెక్కకంటె ఇనుము ముందుగా చెడును. తలుపు చెక్క బూడిదరంగునకు తిరిగి నిలిచియుండగా, దాని మేకులు తుప్పుపట్టి క్రిందికి ఎర్రని చారలు కార్చుచుండును.

రెండవది జీడి కర్మాగారము. పిక్కలను కాల్చు చోట పొగగొట్టము కొసన మసి చిక్కగా ఉండి క్రిందికి వచ్చుకొలది పలుచనగును. కాల్చిన పిక్కల నుండి కారు జీడి నూనె నేలకు, గోడకు ముదురు గోధుమరంగు డాగులు పెట్టును. అవి మసివలె పొడిగా ఉండవు, జిగటగా మెరయును. కాబట్టి వాటి మీద చివర ఒక చుక్క వార్నీషు వేయవలెను. పిక్కలు ఆరవేయు సిమెంటు కళ్ళము మాత్రము నడుమ శుభ్రముగా ఉండి అంచులలోనే మాసియుండును. దినదినము ఊడ్చుదురు గనుక. నేడు అనేకచోట్ల కాల్చుటకు మారుగా ఆవిరి పట్టుచున్నారు. అట్టి శాలకు ఇంత మసి ఉండదు. ఏ కాలపు శాలను చూపుచున్నామో ముందుగా నిశ్చయించుకొనవలెను.

మూడవది గ్రానైటు శాల. ఇక్కడ మసి లేదు, తుప్పు కొంచెమే. రాయి కోయునప్పుడు నీటితో కలిసి వచ్చు తెల్లని బురద ఎండి, క్రేను కాళ్ళకు, చుట్టునున్న ఆకులకు కూడ పట్టియుండును. ఆకు పచ్చగా ఉన్నచో అది గ్రానైటు శాల కాదు.

ఇక సాధనములు. వంటపాత్రలు తోము ఇనుప పీచును వెనిగారులో నానవేసి ఎండబెట్టినచో అసలైన తుప్పు పొడి దొరకును. దీపపు మసి, బొగ్గు పొడి, ఇటుక పొడి, పొయ్యి బూడిద మన ఇండ్లలోనివే. నల్లరంగును మిక్కిలి పలుచగా చేసి గోడమీద పారించినచో ఇటుకల సందులలో నిలిచి నీడ తెచ్చును. తరువాత లేతరంగును కుంచెకు అంటించి, గుడ్డతో దాదాపు పూర్తిగా తుడిచి, అంచుల మీద తేలికగా ఆడించినచో అరిగిన అంచులు తేలును. పొడులు రాలకుండ పలుచని జిగురు చల్లవలెను.

తుప్పుపట్టిన రేకును చేయుటకు ఒక ముచ్చటైన మార్గమున్నది. రేకుకు మొదట తుప్పురంగు పూసి బాగుగా ఆరనీయవలెను. పైన కొంచెము తడిచేసి ఉప్పు చల్లవలెను. ఉప్పు అంటుకొని ఆరిన తరువాత దాని మీదుగా రేకు అసలు రంగును పలుచగా చిమ్మవలెను. అది ఆరిన పిమ్మట ఉప్పును వ్రేలితో రాల్చివేసినచో, ఉప్పు ఉన్నచోట నెల్ల క్రింది తుప్పు బయటపడి, రంగు పొక్కి లేచినట్లే కనబడును. లోకమంతట నమూనాకారులు వాడు పద్ధతి ఇది. మనకు మాత్రము ఇందులో మరియొక రుచి కలదు. నౌపడ గిడ్డంగి రేకును తిన్నది ఏ ఉప్పో, నమూనాలో ఆ గాయమును చూపునదియు ఆ ఉప్పే.

ఒక హెచ్చరిక. చిన్న వస్తువుపై ముదురు రంగు ఉన్నదానికంటె ముదురుగా కనబడును. కాబట్టి కంటికి తోచినదానికంటె ఒక వన్నె తక్కువగా వేయవలెను. చాలునని తోచుటకు ముందే కుంచె దించవలెను. మరునాడు పగటి వెలుతురులో చూచి, కావలసినచో మరల వేయవచ్చును. వేసినదానిని తీయుట కష్టము.

ఇంతవరకు కట్టడముల మాట. ఇప్పుడు మనుష్యుల మాట. నేను చూచిన నమూనాలలో పెక్కింటియందు కర్మాగారములుండును గాని పనివారుండరు. ఉన్నను స్టేషనులో టోపీ పెట్టుకొన్న అధికారి ఒక్కడే. జీడి శాలలో పిక్క కొట్టి పప్పు తీయువారిలో అధికభాగము స్త్రీలు. పిక్క తొక్కలోని నూనె చర్మమును కాల్చును. అందుకు వారు వ్రేళ్ళకు బూడిదయో ఆముదమో పూసికొందురు. ఐనను వ్రేళ్ళు నల్లబడును. గోడ మీది డాగును అంత శ్రద్ధగా చిత్రించి, ఆ డాగు పడిన చేతులను మరచినచో మన శ్రద్ధకు అర్థమేమి? రెండు సెంటీమీటర్ల బొమ్మలో వ్రేళ్ళు కనబడవు, నిజమే. కాని వరుసగా కూర్చున్న ఇరువది మంది కనబడుదురు. వారు వంగిన తీరు కనబడును. వారిని పెట్టనిదే జీడి శాల పూర్తియైనదని చెప్పరాదు.

అట్లే తుఫానులు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన తీరమున ఎంత పని చేసినదో ఈ సభలో ఎవరికిని చెప్పనక్కరలేదు. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనవి, కప్పులు ఎగిరిపోయినవి. నమూనాలో దానిని చూపుటకు కూలిన చెట్లు పెట్టవలసిన పని లేదు. పాత రేకుల నడుమ నాలుగు కొత్త రేకులు వేసినచో చాలును. తెలిసినవారు చూచి, "ఇది తిత్లీ తరువాతి కప్పు" అని గుర్తుపట్టుదురు. ఒక కప్పు తన తేదీని తానే చెప్పుకొనును. ఎండవానల గుర్తులు అలంకారము కాదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనమక్కరలేదు.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకు వచ్చెదను. గ్రంథాలయములో దీనికేమి పని?

పర్లాకిమిడి చిన్న రైలు నూరేండ్లకు పైగా నడచినది. 2004 తరువాత పుట్టిన పిల్లలు దానిని చూడలేదు. వారికి రెండున్నర అడుగుల వెడల్పు అనునది ఒక అంకె మాత్రమే. జీడి శాలలలో యంత్రములు వచ్చుచున్నవి. చేతికాల్పు పొయ్యిలు తగ్గుచున్నవి. మూలపేటలో 2023లో ఓడరేవు కట్టుబడి ఆరంభమైనది. ఆ తీరపు రూపమంతయు మారును. మార్పు రాకూడదని నేననుట లేదు. మసి తగ్గుట, వ్రేళ్ళు కాలకుండుట, మన బిడ్డలకు పని దొరకుట మంచివే. కాని పోవుచున్నది ఎట్లుండెనో తెలిపెడి సాక్ష్యము మిగులవలెను కదా! రాజుల కోటలకు చరిత్రకారులున్నారు. ఉప్పు గిడ్డంగికి ఎవరున్నారు?

జాన్ ఆలెన్ 1973 జనవరిలో మరణించినాడు. కొన్ని దినములకే ఆయన ఇంట అగ్నిప్రమాదము జరిగి ఆ నమూనా దగ్ధమైనది. మిగిలినవి ఆయన తీసిన ఛాయాచిత్రములు, వ్రాసిన వ్యాసములు. వాటి వలననే నేడు మనమాయనను గూర్చి మాటలాడుకొనుచున్నాము. నమూనా కాలిపోవచ్చును, చెదలు తినవచ్చును. దానికై చేసిన కొలతలు, తీసిన చిత్రములు, పనివారు చెప్పిన మాటలు ఒక పుస్తకములో ఉన్నచో అవి నిలుచును. ఆ పుస్తకమునకు తగిన చోటు గ్రంథాలయము కాక మరేది?

కాబట్టి కార్యవర్గమునకు నా విన్నపము. ఈ రజతోత్సవ వత్సరమున పఠనమందిరపు మూలలో 8 అడుగుల బల్ల ఒకటి వేయింపుడు. బడిపిల్లలను నలుగురైదుగురిని జట్లుగా చేసి, ఒక జట్టును నౌపడకు, ఒక జట్టును పలాసకు, ఒక జట్టును టెక్కలికి పంపుడు. వారు కొలువనిండు, లెక్కింపనిండు, పెద్దలను అడుగనిండు. ఆ చిన్న రైలులో ప్రయాణము చేసినవారు, బస్తాలు మోసినవారు, పిక్కలు కొట్టినవారు మన ఊళ్ళలో ఇంకను ఉన్నారు. పదేండ్ల తరువాత వారిలో ఎందరుందురో చెప్పలేము. నమూనా రెండేండ్ల తరువాత పూర్తియైనను నష్టము లేదు. వారి మాటలను వ్రాసికొనుట మాత్రము ఈ సంవత్సరమే జరుగవలెను.

చిన్నారులారా, మీకొక మాట. రేపు ఉదయము బడికి పోవునపుడు దారిలో ఏదైన ఒక పాత గోడ ఎదుట రెండు నిమిషములు నిలువుడు. నీరు ఎటు జారినదో, చేయి ఎక్కడ తగిలినదో చూడుడు. అది చెప్పినది కాగితము మీద వ్రాసి తెచ్చి ఈ గ్రంథాలయములో ఇండు. బల్ల వచ్చులోపల పుస్తకము ఆరంభమైనట్లే.